బకెట్ గీయడంతో మొదలుపెట్టండి: బొమ్మతో విషయం చెప్పడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ సీటుకు 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో, సాగునీరు లేక జిల్లా పడుతున్న గోస ఢిల్లీకి వినపడాలని జనం వరుసబెట్టి నామినేషన్లు వేస్తే, బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. బొమ్మలు నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆ పుస్తకాన్ని ఒక్కసారి ఊహించుకోవాలి. చదువు రాని ముసలమ్మ, మసక చూపు, చేతిలో ముద్ర, ముందు వందల గుర్తులు. కుర్చీ కుర్చీలా, గొడ్డలి గొడ్డలిలా కనపడకపోతే ఆమె ఓటు ఇంకెవరికో పోతుంది. మన ఎన్నికల గుర్తుల్లో చాలావాటిని ఎన్నికల సంఘంలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసిన ఎం.ఎస్. సేఠీ మామూలు పెన్సిల్‌తో గీశారు. వాటిలో మెరుపులేమీ ఉండవు, చూసినవాళ్లు తడుముకోకుండా గుర్తుపడతారు, అంతే.

నేను ఇక్కడ చెప్పబోయేది ఆ రకం గీత గురించి. గోడకు వేలాడదీసే పెయింటింగులు, అచ్చం ఫొటోలా ఉండే పోర్ట్రెయిట్లు వేరే సంగతి, వాటికి వేరే ఓపిక కావాలి. మనకు కావాల్సింది, మనం పక్కన లేకపోయినా మన బొమ్మ చూసి ఎదుటి మనిషి పని చేసుకోగలగడం. అందుకే ఊరికే "ఆపిల్ గీయండి, పూలకుండీ గీయండి" అనకుండా ఒక అసలు పని పెట్టుకుని దానికి కావాల్సినవన్నీ నేర్చుకుంటూ పోదాం.

ఆ పని ఏమిటంటే: నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే "నల్గొండ పద్ధతి"ని అక్షరం ముక్క లేకుండా ఒక్క పేజీలో బొమ్మలుగా చెప్పడం. నాగపూర్‌లోని నీరి అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. బకెట్ నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలపాలి, పది నిమిషాలు నెమ్మదిగా తిప్పాలి, గంటసేపు కదపకుండా ఉంచాలి, అడుగున మడ్డి పేరుకున్నాక పైన తేటనీళ్లు పట్టుకోవాలి. ఇప్పుడు మిషన్ భగీరథ కింద శుద్ధిచేసిన నది నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి కాబట్టి ఇది మనకు ఎక్కువగా సాధన కోసమే. కానీ సాధనకు ఇంతకంటే మంచి విషయం దొరకదు, ఎందుకంటే ఇందులో వస్తువులున్నాయి, మనుషులున్నారు, చేతులున్నాయి, కాలం గడవడం ఉంది, కంటికి కనపడని రసాయనం కూడా ఉంది.

సామాను సంగతి

తక్కువే చాలు. ఒక హెచ్‌బీ పెన్సిల్, ఒక 4బీ పెన్సిల్, ఒక నల్ల జెల్ పెన్, జిరాక్స్ షాపులో దొరికే ఏ4 కాగితాల కట్ట. ఖరీదైన స్కెచ్ పుస్తకం కొంటే పాడవుతుందేమోనన్న టెన్షన్‌తో చేయి బిగుసుకుపోతుంది, చాలామంది మొదటి పేజీ దాటరు. రబ్బరు ఉంచుకోండి కానీ దూరంగా పెట్టండి. తప్పు గీత పక్కనే సరైన గీత గీస్తే ఎంత తేడా పోయిందో కంటికి తెలుస్తుంది, చెరిపేస్తే ఆ పాఠం కూడా పోతుంది.

చేతికి పని

అక్షరాలు రాసేటప్పుడు మణికట్టు, వేళ్లు కదులుతాయి. పొడుగు గీతకు అది చాలదు, మోచేయీ భుజమూ కదలాలి. కాగితం మీద రెండు చుక్కలు పెట్టండి. పెన్సిల్ ఆనించకుండా గాలిలోనే రెండు మూడుసార్లు అటు నుంచి ఇటు ఊపి, అదే ఊపులో ఒక్క గీత గీయండి. చూపు పెన్సిల్ కొన మీద ఉండకూడదు, చేరాల్సిన చుక్క మీద ఉండాలి. గీత వంకర పోతే పోనీయండి, దాని మీద మళ్లీ మళ్లీ రుద్దకండి. వెంట్రుకల్లా చిన్న చిన్న గీతలు అతికించుకుంటూ పోవడం కొత్తవాళ్లందరికీ ఉండే అలవాటు, ముందు మానాల్సింది అదే. రోజూ ఒక పేజీ గీతలు, ఒక పేజీ గుండ్రాలు, ఒక పేజీ నొక్కిన గుండ్రాలు అంటే ఎలిప్స్‌లు వేయండి. విసుగ్గా ఉంటుంది. టీవీ చూస్తూ చేయండి, ఏం కాదు.

చూడటం

చాలామందికి చేతితో సమస్య ఉండదు, కంటితోనే. చెట్టు అనగానే మన బుర్రలో ఒక నిలువు కాండం, పైన ఒక మబ్బు ముద్ద సిద్ధంగా ఉంటాయి, ఎదురుగా ఏ చెట్టున్నా అదే గీసేస్తాం. ఈ అలవాటు వదిలించుకోవడానికి మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మంచి చోటు. మూడెకరాల దాకా పరుచుకున్న ఆ మర్రికి అసలు కాండం ఏదో, దిగిన ఊడ ఏదో తేల్చుకోవడమే కష్టం. అక్కడ మన బుర్రలోని చెట్టు ఎందుకూ పనికిరాదు, ఉన్నది చూడక తప్పదు.

ఎలా చూడాలంటే, కొమ్మల్ని వదిలేసి కొమ్మల మధ్య ఖాళీలను గీయండి. రెండు ఊడల మధ్య కనపడే ఆకాశం ముక్క మూడు మూలలదా, నాలుగు మూలలదా? పైన వెడల్పా, కింద వెడల్పా? ఆ ఖాళీకి పేరు లేదు కాబట్టి బుర్ర సొంత బొమ్మను దూర్చలేదు, కన్ను చూసినదే చేయి గీస్తుంది. నాలుగైదు ఖాళీలు సరిగ్గా పడితే కొమ్మ దానంతట అదే పడుతుంది.

కొలతలకు పాత చిట్కానే: చేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొనను వస్తువు పైఅంచుకు పట్టి, బొటనవేలిని కింది అంచు దాకా జరపండి. ఆ కొలతతో వెడల్పును పోల్చండి. ఎత్తులో వెడల్పు ఎన్నో వంతు, అది తెలిస్తే చాలు. మోచేయి మడిస్తే మాత్రం ప్రతిసారీ కొలత మారిపోతుంది.

బకెట్

ఇక్కడ కాస్త నిదానంగా పోదాం. బకెట్ సరిగ్గా వస్తే గ్లాసు, చెంబు, బిందె, డ్రమ్ము, బోరు పైపు, ట్రాక్టర్ టైరు అన్నీ అదే లెక్కలో వస్తాయి.

ముందు ఒక ప్రయోగం. బకెట్‌ను స్టూలు మీద పెట్టి, దాని మూతి సరిగ్గా మీ కంటి ఎత్తుకు వచ్చేలా కింద కూర్చోండి. మూతి గుండ్రంగా కనపడదు, ఒక అడ్డగీతలా కనపడుతుంది. మెల్లగా లేవండి. ఆ గీత తెరుచుకుని సన్నటి ఎలిప్స్ అవుతుంది, ఇంకా లేస్తే లావవుతుంది, నిలబడి వంగి చూస్తే దాదాపు పూర్తి గుండ్రం. అంటే కంటి మట్టానికి దగ్గరున్న గుండ్రం నొక్కుకుపోయి, దూరమయ్యే కొద్దీ విచ్చుకుని కనపడుతుంది. బకెట్ మూతి కన్నా అడుగు మన కంటి మట్టానికి ఇంకా కిందుంటుంది కదా, కాబట్టి అడుగు ఎలిప్స్ మూతి కన్నా చిన్నదే అయినా ఇంకాస్త విచ్చుకుని ఉండాలి. కొత్తవాళ్లు మూతిని చక్కగా గుండ్రంగా గీసి, అడుగును స్కేలు పెట్టినట్టు తిన్నగా గీస్తారు. నేల తిన్నగా ఉంది కాబట్టి అడుగూ తిన్నగా ఉండాలనుకుంటారు. అలాంటి బకెట్ చూసినవాళ్లకు ఏదో తేడాగా అనిపిస్తుంది కానీ ఏమిటో చెప్పలేరు.

గీసే వరుస ఇది. పలుచగా ఒక నిలువు గీత, అది బకెట్ నడిమధ్య. దాని మీద పైన పెద్ద ఎలిప్స్, కింద చిన్నది, రెండింటి వెనక భాగం కూడా పూర్తిగా గీయాలి, బకెట్ గాజుదైనట్టు. ఎలిప్స్ రెండు చివర్లూ మొన తేలకూడదు, ఎంత సన్నదైనా అక్కడ చిన్న మలుపు ఉంటుంది. ఇప్పుడు రెండింటి పక్క అంచులను తాకుతూ రెండు వాలు గీతలు. పిడి రెండు కొనలు మూతికి ఎదురెదురు చోట్ల తగలాలి, లేకపోతే ఎత్తితే నీళ్లు ఒలికిపోయే బకెట్ అవుతుంది. నల్గొండ పద్ధతికి వాడే బకెట్‌కు కింద చిన్న కుళాయి ఉంటుంది, అడుగుకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల పైన. మడ్డి ఆ కుళాయి కిందే ఉండిపోయి పైనున్న తేట మాత్రం వస్తుంది. ఆ కాస్త ఎత్తే మొత్తం పద్ధతికి ప్రాణం, కాబట్టి బొమ్మలో దాన్ని అసలు కన్నా కొంచెం ఎక్కువ చేసి చూపించినా తప్పులేదు.

ఇంకో పని కూడా చేయాలి. బకెట్‌ను మధ్యకు కోసినట్టు గీసి లోపల ఏముందో చూపించాలి: పైన తేటనీళ్లు, కింద మడ్డి. బయట నుంచి గీసిన బకెట్ ఎంత అందంగా ఉన్నా లోపలి సంగతి చెప్పలేదు. మీరు గాజు బకెట్‌లా గీయడం నేర్చుకున్నారు కాబట్టి ఇది కష్టమేమీ కాదు, ముందు గోడ తీసేస్తే సరి.

దూరం, దగ్గర

పర్‌స్పెక్టివ్, అంటే దూరం దగ్గర తేడా కాగితం మీద చూపించడం, అనగానే భయపడేవాళ్లే ఎక్కువ. రెండు విషయాలు పట్టుకుంటే మన పని నడుస్తుంది. మొదటిది కంటి మట్టం. నల్గొండ గడియారం సెంటర్లో ఒక పక్కన నిలబడి, మీ కళ్ల ఎత్తులో ఊరంతా అడ్డంగా ఒక దారం కట్టినట్టు ఊహించుకోండి. మీ కంటే పైనున్న షాపు బోర్డుల గీతలు దూరం పోయే కొద్దీ ఆ దారం వైపు దిగుతాయి, కిందనున్న ఫుట్‌పాత్ గీతలు దారం వైపు ఎక్కుతాయి. ఒకే దిక్కున పోయే గీతలన్నీ ఆ దారం మీదే ఒకచోట కలుస్తాయి. మూల మీది భవనానికి రెండు గోడలు కనపడితే రెండు చోట్ల కలుస్తాయి, చాలాసార్లు ఆ చోట్లు కాగితం బయట ఉంటాయి కాబట్టి కింద పెద్ద పేపరు వేసుకుని గీయండి.

రెండోది ఇంకా ఉపయోగం: చదునైన నేల మీద మీరు నిలబడి చూస్తే, దాదాపు మీ ఎత్తున్న వాళ్లందరి తలలూ దగ్గరున్నా, వంద గజాల దూరమున్నా ఆ దారం మీదే ఉంటాయి. పాదాలు మాత్రం దూరం వాళ్లవి పైకి జరుగుతాయి. బస్టాండులో గుంపును గీయాలంటే ఈ ఒక్కటి చాలు. పిల్లలు దారం కిందకు, ట్రాక్టర్ మీద కూర్చున్నవాళ్లు దారం పైకి. ఫోన్లో ఫొటో తీసుకుని చూసి గీస్తామనేవాళ్లకు ఒక మాట, వెడల్పు లెన్స్ అంచుల దగ్గర వస్తువులను సాగదీస్తుంది, దాన్ని అలాగే దింపితే మనిషి భుజం తలుపంత అవుతుంది.

వెలుగు

ఒక బత్తాయి తీసుకోండి, మన దగ్గర కరువు లేదు. సాయంత్రం కిటికీ పక్కన, ట్యూబ్‌లైట్ ఆర్పేసి, తెల్ల కాగితం మీద పెట్టండి. కళ్లు సగం మూసి చూస్తే అయిదు భాగాలు విడివిడిగా తెలుస్తాయి: వెలుగు నేరుగా తగిలే మెరుపు, దాని చుట్టూ మామూలు రంగు, వెలుగు తిరిగిపోయిన చోట చిక్కటి నీడ, అంచు దగ్గర కింద కాగితం నుంచి తిరిగి కొట్టే పలుచటి వెలుగు, చివరికి కాగితం మీద పడ్డ నీడ. ఆ నాలుగోది వదిలేస్తే బత్తాయి బిళ్లలా ఉంటుంది. తొక్క మీది చిన్న చిన్న గుంతలన్నీ గీయాలని కూర్చోకండి, వెలుగు నీడగా మారే చోట కొన్ని చుక్కలు పెడితే మిగతావి చూసేవాళ్ల కన్నే పూర్తిచేసుకుంటుంది. అది వచ్చాక బాలానగర్ సీతాఫలం పట్టండి, దాని బుడిపెలు ఒక్కోటీ ఒక్కో చిన్న బత్తాయి లెక్క.

నీడ అంచు గురించి నేర్చుకోవాలంటే మాత్రం నల్గొండ పక్కనున్న పానగల్లు పోవాలి. ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దు ఎటు తిరిగినా ఒక స్తంభపు నీడ అక్కడే నిలిచి ఉంటుంది. లోపలికి ఎండ నేరుగా రాదు, బయటి వెలుగు అటూ ఇటూ తగిలి చెదిరి వస్తుంది, దాన్ని స్తంభాలు అడ్డుకుంటాయి, అందుకే సూర్యుడితో పాటు నీడ జరగదు. ఆ నీడ అంచులు మెత్తగా ఉంటాయి. బయటికొచ్చి మండపం మెట్ల మీద ఎండలో పడ్డ నీడ చూడండి, కత్తితో కోసినట్టుంటుంది. ఒకే గుడిలో రెండు రకాల నీడలు.

ఇంత చెప్పి ఇప్పుడు ఒక చేదు మాట. ఈ మెత్తటి పెన్సిల్ షేడింగంతా జిరాక్స్‌లో పోతుంది. పలుచనివన్నీ తెల్లబడి, చిక్కనివన్నీ మసిబారతాయి. నలుగురికీ పంచే బొమ్మ అయితే మూడే మెట్లు పెట్టుకోండి: తెల్ల కాగితం, పెన్నుతో పక్కపక్కన గీసిన సన్నగీతలు, పూర్తి నలుపు.

మనుషులు

నిలబడ్డ పెద్దమనిషి ఎత్తు దాదాపు ఏడున్నర తలలు. సగం ఎత్తు తొడల మొదట్లో పడుతుంది, బొడ్డు దగ్గర కాదు. అంతకన్నా ముఖ్యమైనది ఒంటి ఊపు. వెన్ను గుండా తల నుంచి మడమ దాకా ఒక్క వంపు గీసి, దాని మీద తల, ఛాతీ పెట్టె, నడుము పెట్టె పెట్టాలి. నాటు వేసే మనిషి వంపు వేరు, బోరింగ్ కొట్టే మనిషి వంపు వేరు, ఆ గీత ఒక్కటి సరిగా పడితే ముఖం గీయకపోయినా ఏం పని చేస్తున్నారో తెలిసిపోతుంది. అంగట్లో ఒక మూల కూర్చుని మనిషికి అర నిమిషం చొప్పున గీయండి. వాళ్లు కదిలిపోతారు, కదలనీయండి, తర్వాతి మనిషిని పట్టుకోండి.

చేతులకు ముందు వేళ్లన్నీ కలిపి ఒక చేటలా, బొటనవేలు విడిగా గీయండి. కర్ర పట్టుకుని నీళ్లు తిప్పే చేయి మన షీటులో వస్తుంది, అక్కడ వేళ్లు లెక్కపెట్టేవాళ్లెవరూ ఉండరు, పట్టు కనపడాలి.

ఫ్లోరోసిస్ మీద, అంటే ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు మీద, పోస్టర్లు చూసే ఉంటారు. వంకర తిరిగిన కాళ్లు మాత్రమే దగ్గరగా, మనిషి ముఖం ఉండదు. నాకు అవి నచ్చవు. భయపెడతాయి కానీ ఏం చేయాలో చెప్పవు, పైగా ఆ కాళ్లున్న మనిషి అదే ఊళ్లో ఆ పోస్టర్ ముందు నుంచే నడిచిపోతారు. మన షీటులో నీళ్లు శుద్ధి చేస్తున్న మనిషిని గీద్దాం. ఆ మనిషి ప్రతిసారీ ఆడమనిషే అయ్యుండాల్సిన పని కూడా లేదు.

ఇప్పుడు షీటు

అసలు బొమ్మ మొదలుపెట్టకముందే అగ్గిపెట్టె సైజులో ఆరేడు చిత్తు పేజీలు గీయండి. ఏ గడిలో ఏముండాలి, ఎన్ని గడులు, అడ్డంగానా నిలువుగానా అన్నీ అక్కడే తేల్చాలి. పెద్ద కాగితం మీదికి వెళ్లాక ఎవరికీ మార్చబుద్ధి కాదు.

ఒక గడిలో ఒకే పని. అన్ని గడుల్లోనూ బకెట్ అదే సైజు, అదే కోణం, అదే చోట ఉండాలి, అప్పుడు ఏది మారిందో దాని మీదే చూపు పడుతుంది. సున్నం, బ్లీచింగ్, పటిక మూడూ తెల్లగానే ఉంటాయి కాబట్టి వాటిని పొడి కుప్పలుగా గీస్తే ఎవరికీ తేడా తెలియదు. పటికను గడ్డగా, సున్నాన్ని డబ్బాలో, బ్లీచింగ్‌ను సంచిలో గీసి, ఏది ముందో వరుసలో పెట్టండి. మోతాదును మాత్రం చెంచాల లెక్కన గీయొద్దు. అది ఆ నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉంది, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది, నీళ్లు పరీక్ష చేయించాకే తేలుతుంది. అక్కడ ఖాళీ చదరం వదిలేస్తే పరీక్ష చేసినవాళ్లు రాసిస్తారు.

కష్టమల్లా కాలాన్ని చూపించడమే. పది నిమిషాలు తిప్పడానికి, గంటసేపు ఆగడానికి గోడ గడియారం పెట్టి ముల్లు జరిగిన మేర నల్లగా నింపొచ్చు. గడియారం చూడటం రానివాళ్లుంటే? కదపొద్దనడానికి బకెట్ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్న మనిషిని గీయండి, చాలామందికి అది తొందరగా ఎక్కుతుంది. బాణం గుర్తులు తక్కువ వాడండి. బాణం చదవడం కూడా చదువుకున్నవాళ్ల అలవాటే, కొందరికి అది ఈటెలానో కర్రలానో కనపడుతుంది.

రంగులకు పుట్టపాక నేతగాళ్లు నేసే తేలియా రుమాలు గుడ్డ చూడండి. ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడింటితోనే ఎంత దూరం నుంచైనా డిజైన్ విడివిడిగా తెలుస్తుంది. మన షీటుకు నలుపు, తెలుపుతో పాటు ఒక్క రంగు, నీళ్లకు నీలం, చాలు. మడ్డికి నీలం వేయకండి. చిన్న గుర్తులేవైనా పెట్టాలంటే పోచంపల్లి డిజైనర్లు చేసినట్టు గ్రాఫ్ పేపరు తీసుకుని అడ్డం పదహారు, నిలువు పదహారు గడుల్లో నింపి చూడండి. అక్కడ గుర్తుపట్టగలిగితే ఎంత చిన్నగా అచ్చువేసినా గుర్తుపడతారు.

గీయడం అయ్యాక మీ ఇంట్లోవాళ్లకు చూపించకండి, మెచ్చుకుంటారు. ముఖపరిచయం మాత్రమే ఉన్న ఒకరికి చూపించి, మీరేమీ చెప్పకుండా, "ఇందులో ఏమైతుందో జర చెప్పవా అత్తా" అని అడగండి. "బాగుందా" అని అడగొద్దు. ఆమె "బట్టలు నానబెడుతున్నరు" అంటే వివరణ ఇవ్వకుండా తలూపి రాసుకోండి. బకెట్‌లో కర్ర తిప్పుతుంటే బట్టలే గుర్తొస్తాయి మరి, తాగే గ్లాసు మొదటి గడిలోనే పెట్టాలన్నమాట. నలుగురైదుగురికి చూపిస్తే తప్పులన్నీ ఒకటి రెండు గడుల దగ్గరే పోగవుతాయి, ఆ గడులు మాత్రమే మళ్లీ గీయండి.

కంప్యూటర్, అచ్చు, ఆ తర్వాత

పెన్నుతో గీసింది పగటి వెలుగులో స్కాన్ యాప్‌తో తీసుకుంటే చిన్న పనులకు సరిపోతుంది. రంగులకు క్రిటా, ఎంత పెద్ద ఫ్లెక్సీకైనా సాగదీసేలా గీతలు కావాలంటే ఇంక్‌స్కేప్, రెండూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే. గీయడం రాకముందే టాబ్లెట్ కొనే తొందర వద్దు.

దీన్నే చదువుగా తీసుకోవాలనుకునేవాళ్లకు రెండు దారులు. స్కూల్లో డ్రాయింగ్ టీచర్ కావాలన్న ఆలోచన ఉంటే ప్రభుత్వం నిర్వహించే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సులో డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాస్తారు. డిజైన్ వైపు అయితే హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షలకు జ్ఞాపకం నుంచి గీయడం బాగా సాధన చేయాలి, అంగట్లో అర నిమిషం బొమ్మలు అక్కడ పనికొస్తాయి.

చదువుతో సంబంధం లేకుండా పనులు తెచ్చుకునేవాళ్లు, సంఘానికో విత్తనాల షాపుకో బొమ్మలు గీసిచ్చేటప్పుడు, అగ్గిపెట్టె సైజు చిత్తు బొమ్మల దగ్గరే "సరే" అనిపించుకుని, సగం డబ్బులు అప్పుడే తీసుకోండి. మార్పులు అడిగితే ఆ దశలో ఎన్నైనా చేయండి. ఇంకు పెట్టాక రెండుసార్లకు మించి మార్చనని ముందే కాగితం మీద రాసివ్వండి, లేకపోతే "ఆ మీసం కొంచెం తగ్గించన్నా" దగ్గర మొదలై ఆ బొమ్మ మీ బల్ల మీద నుంచి కదలదు.